రాజుల అంత్యయాత్రలు నడిపిన గృహస్థు

లండను నగరంలో సెయింట్ జేమ్స్ రాజప్రాసాదం ముంగిట మొదలై పికడిలీ దాకా పోయే వీధి ఒకటి ఉన్నది. దానికి సెయింట్ జేమ్స్ వీధి అని పేరు. పందొమ్మిదవ శతాబ్దంలో అది పెద్దమనుషుల వీధి. ప్రభువులు చేరి పొద్దుపుచ్చే క్లబ్బులు, టోపీలు తయారుచేసేవారి దుకాణాలు, ద్రాక్షాసవాల వర్తకుల కొట్లు అక్కడ బారులు తీరి ఉండేవి. ఆ వీధిలోనే 27వ నంబరు భవనంలో బాంటింగు కుటుంబంవారి వ్యాపారం సాగేది. వారు గొప్పిళ్ళకు కుర్చీలు, బల్లలు, పరుపులు, తెరలు అమర్చేవారు. ఎవరైనా ప్రభువు కొత్త మేడ కట్టించుకొన్నా వారికే కబురు వెళ్ళేది. ఆ మేడలోని పెద్దదిక్కు కన్నుమూసినా వారికే కబురు వెళ్ళేది. శవపేటిక చేయించడం మొదలు దానిని సమాధిలో దించే వరకు సమస్త కార్యభారమూ ఆ కుటుంబానిదే.

ఈ కుటుంబంలో 1796 ప్రాంతంలో పుట్టినవాడు విలియం బాంటింగు. ఇంగ్లండు రాజులను, సేనానులను చివరిసారి సాగనంపిన ఇంటి పెద్దగా ఆయనను ఎరిగినవారు నేడు తక్కువ. కాని ఆయన ఇంటిపేరు మాత్రం ఆయన బ్రతికి ఉండగానే ఇంగ్లీషు భాషలో ఒక క్రియాపదమై కూర్చున్నది. ఆ క్రియకు మరణంతో గాని, శవపేటికతో గాని ఏమీ సంబంధం లేదు. ఒళ్ళు తగ్గించుకోవడం అని దాని అర్థం! ఇది ఎట్లా జరిగిందో చెప్పడానికి ముందు ఆయన వృత్తిని గురించి నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది.

మన ఊళ్ళలో ఎవరి ఇంటిలోనైనా పెద్దలు పోతే ఇరుగుపొరుగువారు వచ్చి వెదుళ్ళు కొట్టి పాడె కడతారు. కొడుకులు, అన్నదమ్ములు, మేనల్లుళ్ళు భుజం పడతారు. డబ్బు పుచ్చుకొని ఆ పని అంతా ఒక దుకాణదారు జరిపించడమంటే మన పూర్వులకు ఊహకైనా అందదు. కాటికాపరి అనగానే మనకు హరిశ్చంద్రుడు గుర్తుకు వస్తాడు. అది ఒక చక్రవర్తికి పట్టిన దుర్దశగానే గుర్తుకు వస్తుంది. ఇంగ్లండులో కూడా పూర్వం పల్లెటూళ్ళలో చుట్టపక్కాలే మోసుకుపోయేవారు. ఊరి వడ్రంగి పేటిక చేసి ఇచ్చేవాడు. పదిహేడు, పద్ధెనిమిది శతాబ్దాలలో పట్టణాలు పెరిగినకొద్దీ ఈ పని ఒక ప్రత్యేకమైన వ్యాపారంగా ఏర్పడింది. ఆ పనికి పూనుకొన్నవాడు గనుక అతనిని అండర్‌టేకరు అన్నారు. చాలామంది వడ్రంగం నుంచి, గృహాలంకరణ నుంచి ఈ వృత్తిలోకి దిగినవారే. ఇది వింత కాదు. చెక్కపని తెలిసినవాడు పేటిక చేయగలడు. గోడలకు పట్టు తెరలు కట్టగలవాడు అవే గోడలకు నల్లగుడ్డ కట్టగలడు.

విక్టోరియా కాలంలో ఈ వ్యాపారం మహా ఆడంబరంగా పెరిగింది. నల్లని గుర్రాలు, వాటి తలలపై నిప్పుకోడి ఈకల కుచ్చులు, నల్లని అంగీలు, చేతి తొడుగులు, గుమ్మం ముందు మౌనంగా నిలబడడానికి కూలికి కుదుర్చుకొన్న మనుషులు, ఇన్ని హంగులు ఉండేవి. పేదవారు సైతం లోకానికి వెరచి ఉన్నదంతా ఊడ్చి ఖర్చుపెట్టేవారు. 1843లో ఎడ్విన్ చాడ్విక్ పట్టణాలలోని ఖననాలను గురించి ప్రభుత్వానికి సమర్పించిన నివేదికలో ఈ దుర్వ్యయాన్ని ఎండగట్టాడు. నవలాకారుడు చార్లెస్ డికెన్స్‌కు ఈ వృత్తివారంటే అసలే గిట్టదు. ఆలివర్ ట్విస్ట్ నవలలోని సోవర్‌బెర్రీ, మార్టిన్ చజిల్‌విట్ నవలలోని మోల్డ్ చదివినవారికి ఆ సంగతి తెలుసు. కనుక శవసంస్కారాల వ్యాపారి అంటే ఆనాటి లోకం దృష్టిలో ఒక వెక్కిరింపు బొమ్మ. ఎదుట మర్యాద, చాటున నవ్వు. బాంటింగు జీవితంలో నవ్వులపాలు కావడం అనేది పెద్ద భాగమే ఆక్రమించింది గనుక ఈ మాట ఇక్కడ చెప్పాను.

అయితే బాంటింగులు సామాన్యపు వ్యాపారులు కారు. వారు రాజకుటుంబపు అంత్యక్రియలు జరిపేవారు. 1820లో మూడవ జార్జి, 1830లో నాలుగవ జార్జి, 1834లో గ్లస్టరు డ్యూకు, 1852లో వెల్లింగ్టన్ డ్యూకు, 1861లో రాణిగారి భర్త ఆల్బర్టు, ఇంత మందిని వారి సంస్థయే సాగనంపింది. విలియం పోయిన తరువాత కూడా 1884లో రాకుమారుడు లియోపోల్డుకు, 1901లో సాక్షాత్తు విక్టోరియా రాణికి, 1910లో ఏడవ ఎడ్వర్డుకు ఆ కుటుంబమే ఆ సేవ చేసింది. ఒక రాజవంశం తరతరాలుగా మారుతూ ఉంటే, దానికి సమాంతరంగా ఒక వర్తక కుటుంబం కూడా తరతరాలుగా మారుతూ, వారిని వీరు మోసుకుపోవడం చరిత్రలో అరుదైన సంగతి.

రాజుగారి అంత్యక్రియ అంటే ఎంత పనో మనం ఊహించుకోవచ్చును. ముహూర్తం ముందుగా తెలియదు. వార్త వచ్చిన నాటినుంచి రెండు మూడు వారాలకు మించి వ్యవధి ఉండదు. అంతవరకు శరీరం చెడకుండా ఉండడానికి లోపల కర్రపేటిక, దానిపై సీసపు పేటిక పోతపోసి అతికి, ఆపైన మఖమలు తొడిగిన మూడవ పేటిక, ఈ విధంగా ఒకదానిలో ఒకటి అమర్చాలి. సీసం బరువు చెప్పనక్కరలేదు. దానిని మెట్ల మీదుగా, ఇరుకు వాకిళ్ళ గుండా తొట్రుపడకుండా దించాలి. లార్డ్ చాంబర్లేను కార్యాలయం ఇచ్చే ఆజ్ఞలకు, వంశచిహ్నాల అధికారులు చెప్పే మర్యాదలకు ఎక్కడా భంగం రాకూడదు. వేలమంది చూస్తూ ఉంటారు. పొరపాటు జరిగితే మళ్ళీ సరిదిద్దుకొందామనడానికి రెండవసారి అంటూ ఉండదు. క్రమము, కాలపాలన, లెక్క, వీటిమీద ఒక జాతి గౌరవం ఆధారపడి ఉండే వృత్తి అది. తనకు పుట్టుకతోనే క్రమబద్ధతపట్ల ఒక ఆరాటం ఉన్నదని బాంటింగు తరువాత తన చిన్న పుస్తకంలో రాసుకొన్నాడు. ఆయన యాభై ఏళ్ళు ఈ వ్యాపారంలో గడిపాడు.

వీటన్నిటిలోకి పెద్ద పరీక్ష వెల్లింగ్టన్ డ్యూకు అంత్యయాత్ర. వాటర్లూ యుద్ధంలో నెపోలియనును ఓడించిన ఆ వృద్ధ సేనాని 1852 సెప్టెంబరు 14న వామర్ కోటలో మరణించాడు. పార్లమెంటు సమావేశమయ్యే దాకా ఆగవలసి వచ్చినందున ఖననం నవంబరు 18కి గాని జరగలేదు. రెండు నెలలు! ఈ లోపల దేశమంతా ఉర్రూతలూగింది. చెల్సీ ఆస్పత్రి భవనంలో పేటికను దర్శనార్థం ఉంచినప్పుడు జనసమ్మర్దంలో నలిగి కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ మహావీరునికి తగిన శకటం కావాలని హెన్రీ కోల్ ఆధ్వర్యంలో రిచర్డ్ రెడ్‌గ్రేవ్, జర్మను శిల్పి గాట్‌ఫ్రీడ్ సెంపర్ కలిసి నమూనా గీశారు. ఆరు కంచు చక్రాలతో, ఆయుధాల రాశులతో, సింహాల శిరస్సులతో పది టన్నులకు మించిన బరువుతో ఆ రథం మూడు వారాలలోనే తయారైంది. మన రథోత్సవాలలోని తేరును తలచుకొంటే దాని స్వరూపం కొంత మనసుకు తడుతుంది. పన్నెండు గుర్రాలు దానిని లాగాయి.

ముందు రోజులలో కురిసిన వానకు వీధులు నాని ఉన్నాయి. పాల్‌మాల్ వీధిలో చక్రాలు బురదలో దిగబడి రథం కదలక నిలిచిపోయింది. పోలీసులు తాళ్ళు పట్టి లాగితే గాని ముందుకు సాగలేదు. సెయింట్ పాల్ దేవాలయం చేరిన తరువాత పేటికను రథం మీదినుంచి దించడానికి అమర్చిన యంత్రం మొరాయించింది. దాదాపు గంటసేపు లోపల పురోహితులు, రాజప్రతినిధులు, వందలాది సైనికాధికారులు చలిగాలికి వణుకుతూ కూర్చొన్నారు. రథం నమూనా బాంటింగులది కాదు. కాని అటువంటి సమయంలో అందరి చూపులూ ఎవరిమీదికి పోతాయో వేరే చెప్పాలా? నెల తిరగకముందే డికెన్స్ తన పత్రికలో మరణాన్ని వ్యాపారం చేస్తున్నారని ఒక వ్యాసం ప్రచురించాడు. ఆయన 1870లో మరణించే ముందు తన విల్లులో ఏ ఆడంబరమూ లేకుండా తనను పూడ్చిపెట్టాలని రాయించాడు. ఆ రథం మాత్రం నేటికీ వెల్లింగ్టన్ వంశంవారి స్ట్రాట్‌ఫీల్డ్ సే ఎస్టేటులో భద్రంగా ఉన్నది.

1861 డిసెంబరు 14న విక్టోరియా రాణి భర్త ఆల్బర్టు విండ్సర్ కోటలో నలభై రెండేళ్ళ వయస్సులో పోయాడు. 23వ తేదీన సెయింట్ జార్జి దేవాలయంలో అంత్యక్రియ జరిగింది. వెల్లింగ్టన్ నాటి హంగామా లేదు. కోటలోనే, క్లుప్తంగా ముగిసింది. బాంటింగుల సంస్థయే దానినీ నడిపింది. రాణి తక్కిన నలభై ఏళ్ళూ నల్లబట్టలు విడువలేదు. ఆమెను చూసి దేశంలోని గృహిణులందరూ శోకదినాల మర్యాదలు మరింత పట్టుగా పాటించసాగారు. బాంటింగుల వంటివారికి అది గిరాకీ పెరిగిన కాలమేనని చెప్పక తప్పదు.

ఈ నాటికి విలియం బాంటింగు వయస్సు అరవై అయిదు. వ్యాపారంనుంచి విరమించి కెన్సింగ్టన్‌లో టెరేస్ అనే వీధిలో కాపురం ఉంటున్నాడు. గౌరవానికి లోటు లేదు. తినడానికి, తాగడానికి లోటు లేదు. లోటల్లా ఒక్కటే. ఆయన ఎత్తు అయిదు అడుగుల అయిదు అంగుళాలు. బరువు 202 పౌనులు, అంటే సుమారు 92 కిలోలు. ఈ లెక్క చూసి అంత విడ్డూరమేమున్నదని నేటి పాఠకులు అనుకోవచ్చు. ఆయన అనుభవించిన బాధ వింటే అట్లా అనరు. వంగి బూటు తాడు కట్టుకోలేడు. మోకాళ్ళమీద, చీలమండలమీద భారం పడుతుందని భయపడి మెట్లు దిగేటప్పుడు వెనక్కు తిరిగి, మెల్లగా ఒక్కొక్క మెట్టే దిగేవాడు. కాస్త నడిస్తే ఆయాసం. బొడ్డు దగ్గర వరిబీజం దిగి పట్టీ కట్టుకోవలసి వచ్చింది. చూపు మందగించింది. చెవులు వినబడడం తగ్గింది. రాజుల పేటికలను మెట్లమీదినుంచి ఎవరికీ కుదుపు తగలకుండా దింపించిన ఇంటివాడు తన ఇంటి మెట్లు తాను దిగలేకపోతున్నాడు.

దీనికంటె బాధించినది లోకుల నవ్వు. బండి ఎక్కితే పక్కవారు చోటు చాలదన్నట్లు చూసేవారు. సభకు వెళితే గుసగుసలు. అందుచేత ఆయన పదిమందిలోకి పోవడమే తగ్గించుకొన్నాడు. స్థూలకాయులను ఎగతాళి చేయడం పాపం కాదనే నమ్మకం ఆ దేశంలోనే కాదు, మన బడులలో కూడా ఉన్నది. తరగతిలో ఒక లావుపాటి కుర్రవానికి పెట్టిన పేరు వానిని ఎంతకాలం వెన్నాడుతుందో ఉపాధ్యాయులకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఆయన చేయని ప్రయత్నం లేదు. ముప్పై, నలభై ఏళ్ళ మధ్యనే ఒళ్ళు రావడం మొదలైంది. ఆయన తల్లిదండ్రుల వైపు ఎవరికీ ఆ లక్షణం లేదు. స్నేహితుడైన ఒక వైద్యుడు వ్యాయామం చేయమన్నాడు. నది దగ్గరలోనే ఉన్నది గనుక పెందలకడ లేచి రెండేసి గంటలు బరువైన పడవ నడిపాడు. కండ గట్టిపడింది, దానితోపాటు ఆకలి మండిపోయింది. తిన్నాడు, ఇంకా లావెక్కాడు. ఆ వైద్యుడే చివరకు మానివేయమన్నాడు. తరువాత గుర్రపు స్వారీ. సముద్ర స్నానాలు. లెమింగ్టన్, చెల్టెనం, హారోగేట్ మొదలైన ఊళ్ళలోని ఊటనీళ్ళు. క్షారపు మందులు. కడుపు మాడ్చుకోవడం. చివరకు వారానికి మూడేసి తురుష్క స్నానాలు. యాభై స్నానాలకు తగ్గినది ఆరు పౌనులు. లండనులో పేరుపడ్డ వైద్యులు ఎందరికో చూపించుకొన్నాడు. వయస్సుతో వచ్చేదే గదా అని కొందరు సమాధానపరిచారు. స్థూలకాయాన్ని రోగంగా లెక్కచేసినవారే తక్కువ.

1862 ఆగస్టులో చెవుడు మరీ ఎక్కువై ఒక ప్రసిద్ధ కర్ణవైద్యుని దగ్గరకు పోయాడు. అంత లాభం కనబడలేదు. ఇంతలో ఆ వైద్యుడు ఏటా పోయే విశ్రాంతికి ఊరు విడిచిపోయాడు. ఆయనే ఊళ్ళో ఉండి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది. గత్యంతరం లేక బాంటింగు సోహో స్క్వేరులో ఉండే విలియం హార్వే అనే మరొక శస్త్రవైద్యుని ఆశ్రయించాడు. (రక్తప్రసరణను కనిపెట్టిన హార్వే ఈయన కాడు, ఆయన రెండు వందల ఏళ్ళ పూర్వపువాడు. విద్యార్థులు ఒకరనుకొని మరొకరిని పరీక్షలో రాయకుందురు గాక!) ఈ హార్వే 1856లో పారిస్ నగరంలో ఉన్నప్పుడు క్లాడ్ బెర్నార్డ్ అనే మహాశాస్త్రజ్ఞుడు కాలేయాన్ని గురించి చేసిన ప్రతిపాదనల చర్చలు విన్నాడు. కాలేయం పైత్యరసాన్నే కాక ఒక విధమైన చక్కెరను కూడా తయారుచేస్తుందని బెర్నార్డ్ నిరూపించాడు. మధుమేహంలో చక్కెర, పిండి పదార్థాలు మానిపిస్తే ఉపశమనం కలుగుతున్నప్పుడు స్థూలకాయానికీ అదే మార్గం ఎందుకు పనికిరాకూడదని హార్వేకు తోచింది. బాంటింగు చెవులు చూసి, దోషం చెవులలో కాదు, చుట్టూ పేరుకొన్న కొవ్వు లోపలి మార్గాన్ని నొక్కుతున్నదని ఆయన నిర్ణయించాడు.

రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప, ఇవి మానివేయవలసినవి. ఇంతకాలమూ బాంటింగు తిన్నవి ముఖ్యంగా ఇవే! ఉదయం నాలుగైదు ఔన్సుల మాంసమో చేపో, పాలూ చక్కెరా లేని తేనీరు, ఎండిన రొట్టెముక్క ఒకటి. మధ్యాహ్నం అయిదారు ఔన్సుల చేప లేక మాంసం, బంగాళాదుంప కాక మరే కూరగాయ అయినా, రెండు మూడు గ్లాసుల ద్రాక్షాసవం. సాయంకాలం కొంచెం పండు, పాలులేని తేనీరు. రాత్రికి మళ్ళీ మూడు నాలుగు ఔన్సుల మాంసమో చేపో. పంది మాంసం కూడదు. ద్రాక్షాసవాలలో షాంపేను, పోర్టు పనికిరావు. ఆసవం పాలు అంత ఎక్కువగా ఉండడం నేటి వైద్యులు హర్షించరు; ఇది మనవారు అనుసరించవలసిన పథ్యమని నేను చెప్పడం లేదు. ఒక చరిత్ర ఘట్టంగా చెబుతున్నాను.

పథ్యం మొదలుపెట్టినది ఆగస్టు 26న. బాంటింగు తన వ్యాపారపు అలవాటు ప్రకారం తేదీ వేసి బరువు పట్టిక రాసుకొన్నాడు. క్రిస్మసు ముందు రోజుకు 202 పౌనులు 184 అయినాయి. మరుసటి సంవత్సరం సెప్టెంబరు 12 నాటికి 156. అంటే ఏడాది పైచిలుకు కాలంలో 46 పౌనులు, సుమారు 21 కిలోలు తరిగినాయి. నడుము చుట్టుకొలత పన్నెండు అంగుళాలకు పైగా తగ్గింది. ఆయన మెట్లు ముందుకు తిరిగి దిగాడు. బూటు తానే కట్టుకొన్నాడు. చెవులు బాగా వినబడసాగాయి. పట్టీ అవసరం పోయింది. జీవితమంతా ఇతరుల కొలతలు రాసుకొన్న సంస్థవాడు గనుకనే ఇంత ఓపికతో తన కొలతలు రాసుకోగలిగాడని నాకు తోస్తుంది. ఆయనకు పూర్వం కూడా ఈ మార్గం చెప్పినవారు లేకపోలేదు. 1825లోనే ఫ్రెంచి భోజనప్రియుడు బ్రియా సవరాఁ పిండి పదార్థాలే స్థూలకాయానికి మూలమని రాశాడు. కాని ఆయన రాసినది పండితులు, రసికులు చదువుకొన్నారు. తేదీలు, పౌనులు లెక్కవేసి సామాన్య గృహస్థుకు అర్థమయ్యేటట్లు చెప్పినవాడు బాంటింగు.

చెప్పకపోయినా ఆయనను అడిగేవారు లేరు. హాయిగా ఇంటిపట్టున ఉండవచ్చును. కాని తనవలె ముప్పై ఏళ్ళు బాధపడుతూ, దారి తెలియక, నవ్వులకు జడిసి ఇంట్లో మగ్గేవారు ఎందరో ఉన్నారని ఆయనకు తెలుసు. 1863 మే నెలలో స్థూలకాయాన్ని గురించి ప్రజలకు ఒక లేఖ అనే అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న పుస్తకం సొంత ఖర్చుతో అచ్చువేయించి ఊరికే పంచిపెట్టాడు. మొదటి రెండు కూర్పులకు వెల పెట్టలేదు. లాభానికి రాశాడనే మాట రాకూడదని ఆయన ఉద్దేశం. ఆ పుస్తకంలో మెట్లు వెనక్కు తిరిగి దిగిన సంగతి, జనం నవ్విన సంగతి దాపరికం లేకుండా రాసుకొన్నాడు. మర్యాదస్థులు తమ శరీర బాధలను పడకగది దాటనివ్వని కాలం అది. రాజాంతఃపురాల గుట్టు దాచడం వృత్తిధర్మంగా బ్రతికిన మనిషి తన గుట్టు తానే వీధిన పెట్టుకొన్నాడు. నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద సాహసం ఇది. ముసలి గుర్రానికి చిక్కుడు గింజలు పెట్టడం ఎంత తప్పో, వయసు మళ్ళిన మనిషికి రొట్టె, చక్కెర పెట్టడం అంత తప్పు అని ఆయన చెప్పిన ఉపమానం గుర్రపుబండ్ల కాలపు పాఠకులకు ఇట్టే పట్టుబడింది.

పుస్తకం దావానలంలా వ్యాపించింది. 1869లో నాలుగవ కూర్పు వచ్చే నాటికి అరవై వేల ప్రతులకు మించి చెల్లిపోయినాయి. జర్మను, ఫ్రెంచి భాషలలోకి వెళ్ళింది. కుప్పలుగా ఉత్తరాలు వచ్చిపడ్డాయి. వాటికి జవాబులు రాయడమే ఆ విశ్రాంత వర్తకునికి కొత్త ఉద్యోగమైంది. జనం విందులలో బంగాళాదుంప వద్దన్నవానిని చూసి బాంటింగు చేస్తున్నావా అని అడగసాగారు. అక్కడినుంచి బాంట్ అనే క్రియ పుట్టింది. ఇంటిపేరు చివరి భాగాన్ని క్రియాప్రత్యయంగా ఊహించి, దానిని తీసివేసి, ధాతువు తయారుచేసుకొన్నారన్నమాట. వ్యాకరణం చెప్పే ఉపాధ్యాయులకు ఇది మంచి ఉదాహరణ.

నవ్వు మాత్రం ఆయనను విడిచిపెట్టలేదు. లావుగా ఉన్నప్పుడు లావుకు నవ్వినవారు, సన్నబడ్డ తరువాత పుస్తకానికి నవ్వారు. హాస్యగీతాలు వచ్చాయి, ప్రహసనాలు వచ్చాయి. 1864లో బ్లాక్‌వుడ్స్ అనే ప్రసిద్ధ మాసపత్రిక ఆయనను దీర్ఘంగా ఆక్షేపించింది. శవపేటికల వర్తకుడు మనుషులను బ్రతికించడానికి పూనుకోవడం పత్రికలవారికి అందివచ్చిన హాస్యం. వైద్యుల కోపం వేరు విధమైనది. వైద్యం చదవనివాడు వైద్యగ్రంథం రాయడమేమిటి? కొందరు ఇందులో కొత్త ఏమున్నదన్నారు, కొందరు ప్రమాదకరమన్నారు. ఒకే మనిషి ఒకేనాడు పాతదీ ప్రమాదకరమైనదీ చెప్పడం ఎట్లా సాధ్యమో వారికే తెలియాలి. అయితే ఒక ఆక్షేపణలో న్యాయం ఉన్నది. ఒక్క శరీరానికి మేలు చేసినది ప్రతి శరీరానికీ చేస్తుందనడానికి ఆధారం చాలదు. బాంటింగు పట్టిక ఎంత నిజాయితీగలదైనా ఒక్క మనిషి పట్టికే. ఆ వాదం నూటయాభై ఏళ్ళు దాటినా పూర్తిగా తీరలేదు. పిండి పదార్థాలు తగ్గించే పథ్యాలు నేటికీ కొత్త కొత్త పేర్లతో వస్తున్నాయి. వైద్యులు నేటికీ వాటి మంచిచెడ్డలు తూస్తూనే ఉన్నారు.

హార్వే సంగతి ఒకటి చెప్పాలి. మొదట బాంటింగు ఆయన పేరు పుస్తకంలో రాయలేదు. తన వైద్యునికి ప్రకటన వేస్తున్నాడని లోకం అనుకొంటుందేమోనని సంకోచించాడు. తరువాతి కూర్పులో పేరు వెల్లడించి, ఖ్యాతి అంతా ఆయనదేనని స్పష్టం చేశాడు. దాని ఫలం హార్వేకు చేదుగానే ఉన్నది. తోటి వైద్యులు ఆయనను సూటిపోటి మాటలన్నారు. కొన్నేళ్ళు గడిచిన తరువాత, 1872లో, హార్వే తానే ఒక గ్రంథం రాసి తన సిద్ధాంతం ఎట్లా కలిగిందో వివరించుకొన్నాడు. కాని పథ్యానికి హార్వే పేరు అతకలేదు. నోటు చీటీ రాసిన వైద్యుని పేరు మరుగునపడి, దానిని పాటించిన రోగి పేరు నిలిచింది.

వెల పెట్టి అమ్మిన కూర్పులమీద వచ్చిన లాభాన్ని బాంటింగు ధర్మసంస్థలకు పంచివేశాడు. ఎంత వచ్చింది, ఎవరికి ఎంత ఇచ్చాడు అనే లెక్క కూడా పుస్తకంలోనే అచ్చువేయించాడు. దుకాణంలో ఖాతా మూసేటప్పుడు చేసే పనినే ఇక్కడా చేశాడు.

ఆయన తరువాత పదిహేనేళ్ళు బ్రతికాడు. తిరిగి లావెక్కలేదు. 1878 మార్చి 16న కెన్సింగ్టన్‌లోని ఇంటిలోనే, ఎనభై ఒకటో ఏట కన్నుమూశాడు. ఆయనను బ్రాంప్టన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. రాజులకు పేటికలు చేయించిన ఇంటివారు ఇంటి పెద్దకు చేయించిన పేటిక ఎటువంటిదో చరిత్రకారులు రాసిపెట్టలేదు.

కుటుంబం మాత్రం వృత్తి మానలేదు. విక్టోరియా రాణి తన అంత్యక్రియలను గురించి ముందుగానే వివరంగా ఆదేశాలు రాసిపెట్టింది. నలభై ఏళ్ళు నలుపు ధరించిన ఆమె తన శవయాత్రలో నలుపు వద్దని, తెలుపు కావాలని కోరింది. 1901లో ఆ కోరిక ప్రకారం నడిపించవలసిన భారం బాంటింగులమీదనే పడింది. విక్టోరియా కాలపు నల్లగుడ్డల వ్యాపారం ఆ రాణితోనే తగ్గుముఖం పట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో కొడుకుల శవాలైనా ఇళ్ళకు చేరని లక్షలాది కుటుంబాలకు ఈకల కుచ్చులు, నల్లగుర్రాలు అర్థంలేనివిగా కనిపించాయి. 1928లో ఆ వంశీయుడొకరు విరమించడంతో రాజకుటుంబపు అంత్యక్రియల అధికారం ఆ ఇంటినుంచి తొలగిపోయింది.

అప్పటికి ఆ ఇంటిపేరు మరొక దేశంలో మరొక విధంగా లోకానికి వినబడి ఉన్నది. 1921లో కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బాంటింగు అనే యువవైద్యుడు తన సహచరులతో కలిసి ఇన్సులిన్ కనుగొన్నాడు. 1923లో ఆయనకు నోబెలు బహుమతి వచ్చింది. విలియం బాంటింగుకు ఆయన దూరపు చుట్టమని చెబుతారు. లండనులో ఒక చెవివైద్యుడు మధుమేహపు పథ్యాన్ని స్థూలకాయానికి వర్తింపజేసి చూడడంతో ఒక బాంటింగు కథ మొదలైంది; ఆ మధుమేహానికే మందు కనుగొనడంతో మరొక బాంటింగు కథ ప్రసిద్ధికెక్కింది.

ఇంగ్లీషులో బాంట్ అనే క్రియ ఇప్పుడు నిఘంటువులకే పరిమితమైంది. స్వీడను దేశంలో మాత్రం బాంటా అనే రూపంలో అది నేటికీ జీవించి ఉన్నది. అక్కడ ఒళ్ళు తగ్గించుకోదలచి అన్నం ముందు కూర్చొని ఒక ముద్ద తక్కువ తినేవారందరూ, తెలియకుండానే, సెయింట్ జేమ్స్ వీధి 27వ నంబరు ఇంటివారి పేరు తలచుకొంటున్నారు.